నా రిజిస్టరులో ఆమెవి ఐదు అంకెలు

మొన్న మంగళవారం ఉదయం ఆమె కొడుకు మా యింటికి వచ్చాడు. ఆటో వీధి చివర ఆపి, చెప్పులు గేటు బయట విడిచి, వరండా మెట్టు దగ్గర నిలబడ్డాడు. నలభై ఏళ్ళు దాటినా నా ఎదుట కూర్చోడు. కూర్చోమని నేనూ అనలేదు. తొమ్మిదో తరగతిలో నా దగ్గర లెక్కలు చదివినవాడు.

"ఆదివారం అమ్మ పెద్దకర్మ అండి. ఫ్లెక్సీ వేయిద్దామనుకుంటున్నాం. మీ నడక గ్రూపులో ఎవరి ఫోనులోనైనా అమ్మ ఫొటో ఉంటుందేమోనని వచ్చానండి."

"మీ యింట్లో లేవా?"

"ఉన్నాయండి. అన్నీ కుర్చీలో కూర్చున్నవేనండి. నిలబడింది ఒక్కటీ లేదు. తట్టతో ఉన్నదైతే బాగుంటుందని మా పిల్లది గొడవ పెడుతోందండి."

నా ఫోనులో ఫొటోలు ఉండవు. నా దగ్గర ఉండేది రిజిస్టరు. బీరువాలోంచి తీసి ఆమె మాతో నడిచిన సంవత్సరపు పుట తెరిచాను. నీలి సిరాతో నిలువు గీతలు, ఎర్ర సిరాతో అడ్డగీతలు. క్రమసంఖ్య, పేరు, వయసు, తూకం. ఆమె వరుసలో ఐదు అంకెలు ఉన్నాయి. డెబ్బై ఆరు. డెబ్బై అయిదున్నర. డెబ్బై ఆరు. డెబ్బై ఏడు. అరవై తొమ్మిది. చివరి అంకె పక్కన నా చేతి ఆకుపచ్చ టిక్కు.

వాడు ఆ టిక్కు వైపు చూశాడు. నేను రిజిస్టరు మూశాను.

ఇవ్వడానికి ఫొటో లేదు కనుక ఇది రాస్తున్నాను. ఆమె పేరు రాయను. పేరు ఆ కుటుంబానిది, తప్పు నాది. తప్పు చెప్పుకోవడానికి ఆమె పేరు అవసరం లేదు.

కొవ్వూరు గోదావరి గట్టు మీద మా నడక బృందాన్ని పదవీ విరమణ చేసిన ఏడాదే ఏర్పాటు చేశాను. పెద్దలకు కూడా ఒక వేళ, ఒక పద్ధతి ఉండాలని నా నమ్మకం. సూర్యోదయానికి ముందే హాజరు, అరగంట నడక, నడకలో మాటలు నిషిద్ధం, తరువాత పావుగంట వ్యాయామం. ప్రతి నెలా మొదటి ఆదివారం తూకం. తూకానికి మేము వాడినది ఒక రైసుమిల్లు కాటా. ఆ మిల్లు మూసివేసినప్పుడు, అందులో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన గుమాస్తాగారు దానిని అడిగి తెచ్చి, రేవు మెట్ల పక్కనున్న మా రేకుల షెడ్డులో పెట్టించాడు. బస్తాలు తూచిన కాటా. కడ్డీ మీద గుండు జరుపుతూ ఆయన తూకం చదివేవాడు, నేను రాసేవాణ్ణి. ఎవరైనా ఒక కిలో పెరిగితే ఆయన "మాస్టారూ, ఈ బస్తాకి తేమ పట్టిందండీ" అనేవాడు. అందరూ నవ్వేవారు. నేను నవ్వేవాణ్ణి కాదు.

ఆమె మా బృందం కంటే ముందునుంచీ ఆ గట్టు మనిషి. తెల్లవారుతుండగా రేవుకు పడవలు వచ్చేవి. ఆమె మెట్లమీద కూర్చుని బేరమాడి, చేపలు సత్తుతట్టలో పేర్చుకుని, పైన ఐసుముక్కలు వేసి, తడిగోనె కప్పేది. పాత చీరపేలికను చుట్టి తలమీద చుట్టకుదురుగా పెట్టుకునేది. ఆ తరువాత తల ఎత్తి గట్టంతా ఒకసారి చూసి పిలిచేది: "ఓ చెయ్యెయ్యండి బాబూ!"

నిండు తట్ట ఒక మనిషి వల్ల తల మీదికి ఎక్కేది కాదు. ఎదుటివారొకరు ఆ అంచు పట్టాలి. అది మా గట్టు మర్యాద. స్నానానికి వచ్చినవాడైనా, సైకిలు మీద పోయేవాడైనా, బ్యాంకు మేనేజరైనా, ఆ పిలుపు వినగానే ఆగి చెయ్యి వేసి పోవలసిందే. ఎవరూ కులం అడగరు, ఎవరూ కృతజ్ఞతలు చెప్పరు.

నేను మాత్రం ఏనాడూ వెయ్యలేదు. స్నానం చేసి వచ్చేవాణ్ణి. మా యింటి అలవాట్లు వేరు. ఆ సంగతి ఆమెకు తెలుసు. నేనే అందరికంటే దగ్గరలో ఉన్నప్పుడు కూడా ఆమె చూపు నన్ను దాటుకుని, నా వెనకాల వచ్చేవారి మీదికి వెళ్ళేది. దానిని చాలాకాలం గౌరవమనే అనుకున్నాను.

ఒక ఆదివారం ఆమె కొడుకు ఆమెను మా షెడ్డు దగ్గరకు తీసుకువచ్చాడు. ఇద్దరూ దారి పొడుగునా పోట్లాడుకుంటూ వచ్చినట్టు మొహాలే చెబుతున్నాయి.

"మీరే చెప్పండి మాస్టారూ. మోకాళ్ళు వాచిపోతున్నాయి, షుగరుంది. బరువు తగ్గకపోతే కాళ్ళు పోతాయన్నారు డాక్టరుగారు. తట్ట మానెయ్యమంటే వినదండి."

"మానేసి ఏం చెయ్యమంటావురా? కూకుని నీ ఆటోకి హారను కొట్టనా?" అన్నది ఆమె.

"నేను సంపాయిస్తన్నాను కదమ్మా."

"నువ్వు సంపాయిత్తే నువ్వు తిరుగుతావు. నేను తిరగాలంటే నా తట్ట నాకుండాలి." నా వైపు తిరిగింది. "నాలుగు వీధులు తిరిగితేనండీ నాకు నలుగురి మొహం కనపడతది. ఇంట్లో కూకోబెడితే గోడ కనపడతదండి, అంతే."

ఇద్దరికీ నేను తీర్పు చెప్పాను. అలా చెప్పడం నాకు అలవాటు. మూడు నెలల గడువు. ఆమె రోజూ మాతోపాటు నడవాలి, వ్యాయామం చెయ్యాలి. ఆరు కిలోలు తగ్గితే తట్ట ఆమెది. కొడుకు ఇక మాట్లాడకూడదు. తగ్గకపోతే తట్ట దించెయ్యాలి, ఆమె మాట్లాడకూడదు. అంతవరకూ తట్ట ఎత్తుకోవచ్చు. ఇద్దరూ ఒప్పుకున్నారు. "మాస్టారు చెప్పారంటే ఇంక తిరుగులేదండి" అన్నాడు కొడుకు. ఆ మాట నాకు ఎంతో హాయిగా వినిపించింది.

మొదటి తూకం ఆరోజే. చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఆమె కాటా ఎక్కింది. గుమాస్తాగారు గుండు జరిపి "డెబ్బై ఆరు" అని చదివాడు. ఆమె దిగి, నేను రాస్తున్న పుస్తకంలోకి తొంగిచూసింది.

"అంతేనాండీ?"

"అంతే."

"ఐసులో ఏసిన చేపండీ, నీరు తాగి తెగ తూగుద్ది. కాటా చూసి కొన్నోడు ఇంటికెళ్ళి ఏడుత్తాడు. మొప్పెత్తి చూసేవోడే చేప కొన్నట్టు లెక్క. మీరు మనుషుల మొప్పలెత్తి చూడరాండీ?"

అందరూ పకపక నవ్వారు. నేను "నిశ్శబ్దం" అన్నాను. నిశ్శబ్దం ఏర్పడింది.

వ్యాయామంలో నేను గుంజీలు తప్పనిసరి చేశాను. మోకాళ్ళ వాపు తగ్గేదాకా ఆమె షెడ్డు స్తంభం పట్టుకుని సగం వరకే వంగేది. తరువాత స్తంభం వదిలేసింది. చెవులు పట్టుకోనవసరం లేదని చెప్పినా పట్టుకునేది. "బడికి పోకండా తప్పించుకున్నాననుకున్నానండీ. అరవైలో పట్టుకుని తీయిత్తన్నారు" అనేది. ఐదుతో మొదలుపెట్టి నలభై వరకు వచ్చింది. మా బృందంలో నలభై తీసినవారు మరొకరు లేరు. ఆ సంగతి నాకు గుర్తుంది. రిజిస్టరులో లేదు.

ప్రతి తూకం రోజునా ఆమె తన లెక్కలు తాను తెచ్చుకునేది. గట్టు దిగి మా వీధికి వచ్చేలోగా ఆమె తట్ట మూడుచోట్ల దించేది: సైకిలు షాపు అరుగు, పోస్టాఫీసు గోడ, పంపు దిమ్మ. "సైకిలు షాపు తీసెయ్యండి మాస్టారూ, అక్కడ ఆగటం లేదు" అన్నది ఒక నెల. "పోస్టాఫీసు కూడా తీసెయ్యండి" అన్నది తరువాతి నెల. ముంజేతి దగ్గర బిగిసి ఉండే గాజులను మోచేతిదాకా తోసి చూపించేది. రవికకు లోపలికి రెండు కుట్లు వేయించానని గుమాస్తాగారి భార్యకు చెప్పింది. ఇవన్నీ కొలతలు కావనీ, కొలతంటే ఎవరు చూసినా ఒకే విధంగా ఉండాలనీ నేను విడమరిచి చెప్పాను. "అలాగాండీ" అని తల ఊపింది, నిజంగానే నేర్చుకుంటున్నదానిలా.

ఇంకొకటి ఉంది. అది ఆమె చెప్పలేదు, నేనే విన్నాను. పూర్వం ఆమె కేక మా వీధిలోకి వచ్చేసరికి విరిగిపోయేది. "చేపలండో" అని ఆగి, ఊపిరి తీసుకుని, రెండిళ్ళు దాటాక "య్" అనేది. మా వరండాలో దినపత్రిక చదువుకునే నాకు ఆ విరుపు చిరాకుగా ఉండేది. రెండో నెల గడిచేసరికి ఆ కేక వీధి మొదట మొదలై, తెగకుండా, చివరిదాకా సాగేది. పత్రికలోంచి తల ఎత్తి విన్నాను. విని, మళ్ళీ చదువుకున్నాను.

నాలుగో తూకం నాటికి గడువు తీరింది. కొడుకు ఆటో గట్టు మీద ఆపి వచ్చి నిలబడ్డాడు. ఆమె కాటా ఎక్కింది. గుమాస్తాగారు గుండు జరిపాడు, ఆపాడు, వెనక్కు జరిపి మళ్ళీ ముందుకు జరిపాడు.

"డెబ్బై ఏడు" అన్నాడు మెల్లగా.

ఆమె కాసేపు కడ్డీ వైపు చూసింది. తరువాత కాటా దిగి, "ఓసారిలా రండి మాస్టారూ, ఒక్క నిమిషం" అని మెట్లవైపు నడిచింది. ఆమె తట్ట అప్పటికే నిండి ఉంది. అందరం వెళ్ళాం. ఆమె చుట్టకుదురు తలమీద సర్దుకున్నది. అలవాటుగా ఒకరిద్దరు ముందుకు కదిలారు. "ఎవరూ చెయ్యెయ్యకండి బాబూ" అన్నది.

ఒక మోకాలు మెట్టుమీద ఆనించి, తట్టను తొడమీదికి లాగింది. అక్కడ ఒక్క క్షణం నిలిపింది. తొడ మీదనుంచి రొమ్ముకు ఎత్తింది. మెడనరాలు పొంగాయి. ఒక్క ఊపున తట్ట తలమీద ఉంది. మోకాలు ఇంకా మెట్టుమీదే ఉంది. అప్పుడు లేచింది. స్తంభం లేదు, గోడ లేదు, ఎవరి చెయ్యీ లేదు. లేచి, నిలబడి, రెండు చేతులూ వదిలేసింది. ఐసునీళ్ళు చెంపమీదుగా కారుతుంటే తుడుచుకోలేదు. మా గట్టుమీద నిండు తట్టను తనంతట తాను ఎత్తుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆ తరువాతా చూడలేదు.

"ఇది రాసుకోండి మాస్టారూ" అన్నది.

నా చేతిలో రిజిస్టరు తెరిచే ఉంది. "దీనికి ఇందులో గడి లేదు" అన్నాను.

గుమాస్తాగారు నా పక్కకు వచ్చాడు. "ఒక్క మాటండీ. బియ్యమైనా, నూకైనా, తౌడైనా ఆ కాటా మీద కిలో కిలోయే. బస్తా విప్పితేగాని తెలీదండీ. ఆవిడకి ఒళ్ళు గట్టిపడిందేమో..."

"ఒప్పందం బరువు గురించి" అన్నాను. "బరువు తగ్గలేదు. పెరిగింది. నియమం ఒకరికి ఒకలా, మరొకరికి ఇంకోలా ఉండదు."

కొడుకు మొహంలో విజయం ఏమీ లేదు. వాడు అప్పటిదాకా తల్లినే చూస్తున్నాడు. నేను మరొక మాట అని ఉంటే వాడు సంతోషంగా ఓడిపోయేవాడని ఇప్పుడు నాకు అనిపిస్తుంది. కాని నేను అన్నది ఆ మాటే. "విన్నావుగా అమ్మా" అన్నాడు వాడు.

ఆమె వాదించలేదు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే నిలుపుకున్నది. ఆరోజు చేపలు మాత్రం అమ్ముకొస్తానని అడిగి, ఆ తట్టతోనే గట్టు దిగింది. నేను ఇంటికి చేరి పత్రిక తెరిచేసరికి ఆ కేక వచ్చింది. పంపు దిమ్మ దగ్గర కూడా ఆగలేదు. మా వీధి ఈ చివరినుంచి ఆ చివరికి ఒకే ఊపిరి. అదే ఆఖరు.

మర్నాటినుంచి ఆమె గట్టుకు రాలేదు. నడకకు రమ్మని కబురు పెట్టాను. "తట్ట లేకండా ఒట్టి చేతులతో రేవుకొచ్చి ఏం చూడనండీ" అని జవాబు వచ్చింది. కొడుకు ఆమెకు చేతుల కుర్చీ కొన్నాడు. టీవీ ఎదురుగా వేశాడు. వాడు చేసినదంతా ప్రేమతోనే చేశాడు.

ఎనిమిది నెలల తరువాత, ఒక తూకం ఆదివారం, ఆటోలో తల్లిని తీసుకువచ్చాడు. "అమ్మ తగ్గిందండి మాస్టారూ, మీరొకసారి చూడండి" అన్నాడు, మార్కులు చూపించడానికి వచ్చిన పిల్లవాడిలా. ఆమె ఆటో దిగడానికి వాడి భుజం పట్టుకుంది. కాటా ఎత్తు నాలుగు వేళ్ళుంటుంది. ఆ నాలుగు వేళ్ళు ఎక్కడానికి కూడా ఆ భుజం వదలలేదు. ముంజేతులు పుల్లల్లా ఉన్నాయి. గాజులు జారిపోతుంటే దారంతో కట్టుకున్నది.

భుజం మీద చెయ్యి ఉంటే తూకం తప్పు వస్తుంది.

"చెయ్యి తియ్యండి" అన్నాను.

తీసింది. ఒళ్ళు ఒకసారి అటూ ఇటూ ఊగింది. ఆ ఊగిసలాటలోనే గుమాస్తాగారు గుండు జరిపి, కాటా వైపు తప్ప ఎవరి వైపూ చూడకుండా "అరవై తొమ్మిది" అన్నాడు. ఆమె వెంటనే మళ్ళీ భుజం అందుకున్నది.

"ఆరు అడిగాము, ఏడు తగ్గారు. చాలా సంతోషం" అన్నాను. ఆకుపచ్చ కలం తీసి టిక్కు పెట్టాను. ఇవన్నీ నేనే చేశాను. నా కళ్ళు బాగానే పనిచేస్తున్నాయి. ఆ ఉదయం వెలుతురూ బాగానే ఉంది.

ఆమె నా వైపు చూసింది. ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

"మరి ఇప్పుడు తట్ట ఎత్తుకోమంటారాండీ?"

రేవులో పడవలు అప్పుడే వస్తున్నాయి. మెట్లమీద ఎవరో బేరమాడుతున్నారు. ఆమె తల అటు తిప్పలేదు. నేను ఆకుపచ్చ కలానికి మూత పెట్టాను. ముప్ఫై అయిదేళ్ళు పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పినవాణ్ణి.

"ఎండెక్కుతోంది, పదమ్మా" అని కొడుకు ఆమెను ఆటో ఎక్కించాడు.

ఆ తరువాత రెండేళ్ళు బతికింది. నేను చూడడానికి వెళ్ళలేదు. వెళ్ళకపోవడానికి ప్రతిసారీ ఒక క్రమమైన కారణం ఉండేది. మొన్న వరండా మెట్టు దగ్గర నిలబడే ఆమె కొడుకు ఆ చివరి సంగతి చెప్పాడు.

"పెరట్లో కాలు జారిందండి. దెబ్బ పెద్దదేం కాదండి. లేవలేకపోయింది. మేమెవరం ఇంట్లో లేము. పడ్డచోటే చాలాసేపు ఉండిపోయిందండి. అప్పుడు పట్టిన మంచం మరి వదల్లేదు."

నాకు గుంజీలు గుర్తుకు వచ్చాయి. నలభై.

"ఒరే" అన్నాను. "ఆరోజు నేను..."

వాడు చేతులు జోడించాడు. "మీ మేలు మర్చిపోలేమండి మాస్టారూ. మీరు చెప్పబట్టే ఆ తట్ట దించింది. లేకపోతే ఎండలో, వానలో ఏ రోడ్డుమీదో పడిపోయేది. మీ దయవల్ల చివర్లో మూడేళ్ళు సుఖంగా కూర్చుందండి."

తప్పు కనిపిస్తే దిద్దకుండా ఊరుకున్నవాణ్ణి కాను. ఆ మాటను మాత్రం దిద్దలేదు. దిద్దితే అందులో సగం బరువు వాడి నెత్తిన పడుతుంది. వాడు ఫొటో లేకుండానే వెళ్ళిపోయాడు.

మర్నాడు యథాప్రకారం గట్టుకు వెళ్ళాను. నడక అయింది. షెడ్డు దగ్గర అందరూ వ్యాయామానికి నిలబడుతున్నారు. మెట్లమీద మరొక చేపలావిడ ఉంది, నడివయసు మనిషి. తట్ట నింపి, గోనె కప్పి, చుట్టకుదురు సర్దుకుని తల ఎత్తింది. అందరికంటే దగ్గర ఉన్నది నేను. ఆమె చూపు కూడా నన్ను దాటిపోయింది. ఒకరినుంచి ఒకరు నేర్చుకున్నారు కాబోలు.

నేను మెట్లు దిగాను.

"అయ్యో, మీరొద్దండీ మాస్టారూ! తానం చేసొచ్చినట్టున్నారు. ఎవరోకరు వత్తారు లెండి."

"పట్టమ్మా" అన్నాను.

వంగి అంచు పట్టుకున్నాను. సత్తు అంచు చల్లగా, జిగురుగా ఉంది. ఆమె తనవైపు ఎత్తింది. నేను నావైపు ఎత్తాను. మోకాలిదాకా వచ్చింది. పళ్ళు బిగించి మళ్ళీ ఎత్తాను. తొడ దాటలేదు. తట్ట ఒకవైపుకు ఒరిగింది, ఐసునీళ్ళు నా పంచెమీద పడ్డాయి. "వదిలెయ్యండి బాబూ, మీ వల్ల కాదు" అన్నది ఆమె, నొప్పించకుండా. గుమాస్తాగారు పరుగున వచ్చి నావైపు అంచు అందుకున్నాడు. ఇద్దరూ కలిసి తలమీదికి చేర్చారు.

ఆమె గట్టెక్కి వెళ్ళిపోయింది. నేను ఆ మెట్టుమీదే కూర్చుండిపోయాను. ఎవరి చెయ్యీ లేకుండా తట్ట ఎత్తుకున్న ఆరోజు ఆమె మోకాలు ఆనించినది ఆ మెట్టే.

"వ్యాయామానికి వేళయిందండీ" అన్నాడు గుమాస్తాగారు. నేను లేవబోయాను. కాళ్ళు వెంటనే లేవలేదు. చెయ్యి చాచాను. ఆయన పట్టుకున్నాడు.